రాగిచెంబు అడుగున మడ్డి

మా వీధికి చేపలు తెచ్చే ఆమె ఆ ఉదయం గంప లేకుండా వచ్చింది. తీరం నుంచి ఆటోలో అనకాపల్లి చేరి, ఎండెక్కేలోగా అమ్ముకుని పోయే మనిషి. వెంట ఆమె మరిది ఉన్నాడు. ఆమె చేతుల్లో గుడ్డలో చుట్టిన పుస్తెలతాడు, ఒక రాగిచెంబు. పుస్తెలు మాత్రం మెడలోనే, పసుపుతాడుకు ఉన్నాయి. నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి; ఈ సంగతి తేల్చగలనని ఆమె నమ్మకం.

“పల్సబడిపోయింది మేష్టారూ. సేతిలో ఎట్టుకుంటే ఉన్నట్టే నేదు.”

చేతికి తేలికగా తోచడం సాక్ష్యం కాదు. మెయిన్‌రోడ్డులో తూకం వేయించి రమ్మన్నాను. వేయించుకొచ్చారు. నిరుడు బ్యాంకులో తూచినదాంట్లో మూడోవంతు తగ్గింది.

ఆ తాడు ఏటా వేసవిలో, వేట నిషేధం మొదలు కాగానే, బ్యాంకులో కుదువకు పోతుంది. పడవలు ఒడ్డున ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి బియ్యం దానిమీదే. వేట తిరిగి మొదలయ్యాక విడిపించుకుంటారు. నిషేధం మరి కొద్దిరోజుల్లోకి వచ్చింది. భర్త ఇంకా నీటిమీదే ఉన్నాడు. అతనికి ఏమీ తెలియదు.

జరిగింది ఆమె చెప్పింది. వారం కిందట బంగారానికి మెరుగు పెడతానని ఎవడో మోటారుసైకిల్ మీద వచ్చాడు. పుస్తెలను పసుపుతాడుకు మార్చుకుని, తాడు ఇచ్చింది. వాడు దాన్ని గాజుగిన్నెలోని ఏదో నీళ్లలో ముంచి, కాసేపుంచి, తళతళలాడుతూ తీసి ఇచ్చాడు. నీళ్లు పసుపుపచ్చగా మారాయి; తాడుకు అంటిన పసుపేమో అనుకుంది ఆమె. వాటిని సీసాలోకి ఒంపుకోబోతే ఆమె ఒప్పుకోలేదు. పుస్తెలతాడు కడిగిన నీళ్లు పరాయి చేతికి పోకూడదు, ఎవరి కాలికిందా పడకూడదు. ఆ ఇంటి ఆడవాళ్ల పద్ధతి అది. మాటామాటా పెరిగి, నలుగురు పోగవడంతో వాడు గిన్నెతో సహా వదిలేసి బండెక్కాడు. ఆమె ఆ నీళ్లను పూజకు వాడే రాగిచెంబులో పోసింది.

“సెంబు బుస్సుమంది మేష్టారూ. ఎర్రటి పొగొచ్చింది. దిష్టి పోతంది గావాల అనుకున్నాను.”

మరిది ఇదేదీ నమ్మలేదు. “బంగారాన్ని ఏ యాసిడూ ఏటీ సెయ్యనేదు మేష్టారూ. కంసాలి గీటురాయి మీద సుక్కేసి సూపిత్తాడు కదా! కరిగిపోడానికి అదేటి, మా వదిన నాకు ఎట్టే సబ్బుముక్కా? ఆడు తాడే మార్చేసేడు.”

“నువ్వుండు మరిదీ. కొక్కెం దగ్గర మా అమ్మ ఏయించిన అతుకు నాకు తెల్దా?”

అతుకు నేనూ చూశాను. తాడు అదే. మరిది మాటలో సగం మాత్రం నిజం. ఆమ్లం ఎంత బలమైనదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. లోహం నుంచి ఎలక్ట్రాన్లను లాక్కోగలదా అన్నదే ప్రశ్న. ఆ లాగే శక్తిని వోల్టుల్లో కొలుస్తాం. హైడ్రోజన్‌ను సున్నా దగ్గర పెడితే, బంగారు అయాన్‌ది ఒకటిన్నర; నైట్రిక్ ఆమ్లానిది ఒకటికి కాస్త తక్కువ. అందుకే కంసాలి వేసే చుక్క ఓడిపోతుంది. దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే లెక్క మారుతుంది; వాడి గిన్నెలో ఉన్నది ఆ మిశ్రమమే. అందులోని క్లోరైడు, ఊడివచ్చిన ప్రతి బంగారు అయాన్‌నూ చుట్టేసి వెనక్కి పోనివ్వదు. బంగారపు పట్టు ఒక వోల్టు దాకా దిగుతుంది, గాఢమైన మిశ్రమం మిగతా పని పూర్తి చేస్తుంది. ఆమె పసుపనుకున్న ఆ పచ్చదనం ఆమె తాడే.

అయితే రాగి స్థానం సున్నాకు కొంచెం పైన మాత్రమే. బంగారం వంటి లోహపు అయాన్లు ఎదురైతే రాగి తన ఎలక్ట్రాన్లు ఇచ్చేసి తాను కరుగుతుంది. బంగారం తిరిగి లోహమై అడుగుకు దిగుతుంది. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది. దొంగ చేతికి పోవలసిన బంగారాన్ని ఆమె పద్ధతి ఇంట్లోనే ఆపింది, ఆమె చెంబు తిరిగి లోహంగా మార్చింది.

“అడుగున ఏమైనా మిగిలిందా?” అని అడిగాను.

“ఏముంటది? మర్నాటికి నీళ్లు ఆకుపచ్చగా అయిపోయేయి. అడుగునంతా గోధుమరంగు మడ్డి, కాఫీపొడి నాగ. సీ, పూజ సెంబు పాడైపోయిందని సింతపండెట్టి తోమేసేను.”

“తోమిన నీళ్లు?”

“తొక్కుడు పడకూడదు కదా మేష్టారూ. సముద్రంలో కలిపేసేను.”

ఆ మడ్డి బంగారమేనన్న నా ఊహ ఇంకా రుజువు కాలేదు. చెంబు మెడ మలుపులో, వేలు అందని చోట, సన్నటి గోధుమరంగు చార ఉంది. దాన్ని గీకి, గాజుపళ్లెంలో వేసి, నైట్రిక్ ఆమ్లం చుక్కలు పోశాను. రాగి నీలంగా కరిగిపోయింది, గోధుమరంగు పొడి కరగలేదు. కడిగి, తెల్ల టైలు ముక్క మీద పెట్టి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దాను. మట్టిలాంటి ఆ పొడి పచ్చటి గీతగా మెరిసింది. అంత మెత్తని రేణువులుగా ఉన్న బంగారం బంగారంలా కనిపించదు.

ఆమె ఆ గీతను చాలాసేపు చూసింది. నా తర్కం సరైనదని తేలిన క్షణం అది. దానివల్ల ఆమెకు ఒరిగింది ఏమీ లేదు.

“ఇంకేటైనా దారుందా?”

“లేదమ్మా.”

“సముద్రాన్ని గుడ్డేసి వడకడదామా వదినా?” అన్నాడు మరిది. అంటూనే తల దించుకున్నాడు.

టైలు ముక్క తీసుకెళ్లమన్నాను. ఆమె చెంబు కూడా తీసుకోలేదు. “అది కళ్లముందుంటే అన్నం దిగదు,” అంది.

వేట ఆగాక చేపలు రాలేదు, ఆమె రాలేదు. ఒకరోజు మరిది బజారులో ఎదురై, వదిన రొయ్యల షెడ్డులో పొట్టు తీసే పనికి వెళుతోందని చెప్పాడు. మంచులో వేళ్లు చిట్లిపోతున్నాయట. తాడును బ్యాంకులో పెట్టారు. ఇచ్చిన డబ్బు నిషేధం చివరిదాకా సరిపోదట. భర్తకు చెప్పిందా అని అడిగాను. బ్యాంకుకు తీసుకెళ్లేముందే చెప్పిందట. అతను తాడును అరచేతిలో పెట్టుకుని, బరువు చూస్తున్నట్టు పైకీ కిందికీ ఆడిస్తూ కూర్చున్నాడట.