బస్సు మూయించింది వరలక్ష్మి ఆంటీ కాదు

మొన్న జనవరిలో మంచుతుపానుకి కరెంటు పోతే, గరాజ్‌లో ఎప్పటినుంచో మూలన పడి ఉన్న కిరోసిన్ హీటర్ తీసి వెలిగించాను. అంటుకోగానే వచ్చే ఆ ఘాటు వాసన, దాని పక్కన ఆరబెట్టిన ఉన్ని చేతితొడుగుల తడి వాసన, పిల్లలు వలిచి పడేసిన నారింజ తొక్కల వాసన మూడూ కలిసి ముక్కుకు తగిలేసరికి, నేను మా గరాజ్‌లో లేను. తొమ్మిదేళ్ళవాణ్ణయి, సీట్లు పీకేసిన ఒక పాత పసుపుపచ్చ బస్సులో, చెక్క బెంచీ మీద కాళ్ళాడిస్తూ కూర్చుని ఉన్నాను.

మా ఊరు డెట్రాయిట్‌కి వాయవ్యంగా, నోవై దాటాక వస్తుంది. ఇప్పుడంటే ఎటు చూసినా ఇళ్ళే గానీ, అప్పట్లో యాపిల్ తోటలు, వాటి మధ్య ఒక బడి, బడికి ఎదురుగా తోటవాళ్ళు పళ్ళమ్ముకునే ఒక కొట్టు, అంతే. ఈ దేశంలో ప్రభుత్వ బడిలో మతపాఠం చెప్పకూడదు. కానీ తల్లిదండ్రులు ఒప్పుకుంటే, వారానికి కాసేపు పిల్లల్ని ఆవరణ దాటించి బయట చెప్పించుకోవచ్చు. అందుకని ఊళ్ళో చర్చిలన్నీ కలిసి ఒక పాత స్కూల్ బస్సు కొని, బెంచీలు వేయించి, తోటవాళ్ళ కొట్టు పక్కన గులకరాళ్ళ మీద నిలిపేవి. బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేము చలికోట్లు తొడుక్కుని, వరసగా రోడ్డు దాటి ఆ బస్సెక్కేవాళ్ళం. అందులో ఏం చెబుతున్నారో చూసుకోవడానికి చర్చిలవాళ్ళే కొందరు కమిటీగా ఉండేవారు. మా నాన్న అందులో ఒకరు. చూసుకోవడం అంటే నెలకోసారి చర్చి బేస్‌మెంట్‌లో కలిసి, కాఫీ తాగి, యాపిల్ పై అనే తీపి రొట్టె తిని, అంతా బాగానే జరుగుతోందనుకుని లేచిపోవడం. బస్సెక్కి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఈ బస్సు కథ నేను చాలా చోట్ల చెప్పాను. మా తెలుగు చర్చిలో విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వరలక్ష్మి ఆంటీ అనే ఒక హిందూ ఆవిడ గొడవ చేసి ఆ బస్సు మూయించిందని చెప్పాను. అది నిజం కాదు. నిజం రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

మా నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. భీమవరం దగ్గర మిషన్ బడిలో చదువుకుని, ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడ తేలినవారు. నన్ను నా ఆరో ఏట తీసుకొచ్చారు. తెలుగు మరిచిపోతానని రోజూ సాయంత్రం తెలుగు బైబిల్ ముందు పెట్టి పైకి చదివించేవారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ సాయంత్రాల పుణ్యమే. నా క్లాసులోనే చదివే శేఖర్ వాళ్ళ కుటుంబం మా వీధి చివర ఉండేది. వాళ్ళ నాన్న మా నాన్న కంపెనీలోనే పని. వాళ్ళ అమ్మే వరలక్ష్మి ఆంటీ, నరసాపురం మనిషి. ఊరు మొత్తానికి తెలుగు ఇళ్ళు ఆ రెండే కావడంతో పండగలన్నీ కలగలిసిపోయేవి. అక్టోబరులో తోటల్లో యాపిల్ రసం గానుగాడుతుంటే, ఆ తీపి పులుపు వాసన గాలిలో పట్టుకుని, వేడివేడి దాల్చినచెక్క డోనట్లు తింటూ వేళ్ళు నాక్కుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. జూలై నాలుగుకి కొన్న కాకరపువ్వొత్తులు తడవకుండా దాచిపెట్టి దీపావళికి వాళ్ళ పెరట్లో, కోట్లు వేసుకుని, ముక్కులు ఎర్రబడేదాకా కాల్చేవాళ్ళం. క్రిస్మస్‌కి అమ్మ ఇనుప అచ్చుతో గులాబీ పువ్వులు వేస్తుంటే ఆంటీ పక్కన నిలబడి పిండి పలచనైంది, చిక్కనైంది అని తగవు పడేది. ఉగాదికి పచ్చిమామిడి దొరక్క పుల్లటి ఆకుపచ్చ యాపిల్ తరిగి పచ్చడి కలిపి, మొదటి చెంచా మా ఇంటికే పంపేది.

అందుకే శేఖర్ కూడా బస్సెక్కుతానంటే ఎవరూ రెండో మాట అనలేదు. గోదావరి జిల్లాల్లో మిషన్ బడుల్లో చదివినవాళ్ళకి అది వింతే కాదు. అక్కడ పొద్దున్నే అందరూ కలిసి ప్రార్థనకి నిలబడేవారు, బైబిల్ వాక్యాలు ఒప్పజెప్పి హిందూ పిల్లలే బహుమతులు ఎగరేసుకుపోయేవారు, ఇంటికెళ్ళి మళ్ళీ ఎవరి దీపం వాళ్ళు పెట్టుకునేవారు. ఇక్కడి బస్సూ అలాంటిదేననుకున్నారు మా నాన్న, ఆంటీ ఇద్దరూ. పొరపాటు అక్కడ జరిగింది.

బస్సులో పాఠం చెప్పే మిసెస్ హెలెన్ మంచి మనిషి. వెన్నలాంటి తెల్లజుట్టు, పెద్ద పెద్ద చేతులు, బస్సెక్కగానే మా తొడుగులన్నీ తీసుకుని హీటర్ చుట్టూ కోడిపిల్లల్లా పేర్చేది. ఉన్నిగుడ్డ పరిచిన పలక మీద గుడ్డబొమ్మలు అతికిస్తూ కథ చెప్పేది. బొమ్మ ఊడి కింద పడితే మేమంతా గొల్లుమనేవాళ్ళం. శేఖర్ అందరికన్నా గట్టిగా పాడేవాడు, వాక్యాలు నాకన్నా ముందు నోటికి పట్టేవాడు. బహుమతిగా ఇచ్చే రంగు పెన్సిళ్ళు వారం వారం వాడి జేబులోకే పోయేవి. ఇంటికొస్తే నాన్న, "వాడికి వచ్చినట్టు నీకు రావేంరా బాబీ? మన ఇంట్లో పుస్తకమే కదా అది" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు గుచ్చుకునేది.

ఒక బుధవారం వాడు మళ్ళీ గెలిచాడు. నేను చెయ్యెత్తి, వాళ్ళింట్లో వంటగది అరలో దేవుళ్ళ బొమ్మలుంటాయని, వాళ్ళమ్మ రోజూ వాటికి దండం పెడుతుందని మిసెస్ హెలెన్‌కి చెప్పాను. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఎందుకు చెప్పానో నాకు తెలుసు. ఆమె మొహం జాలిగా మారిపోయింది. శేఖర్‌ని ముందుకు పిలిచి, మమ్మల్నందరినీ వాడి చుట్టూ నిలబెట్టి, ఆ ఇల్లు నరకాగ్నికి ఆహుతి కాకుండా కాపాడమని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. వాడి భుజం మీద నా చెయ్యి కూడా ఉంది.

ఆ సాయంత్రం వాడు అరలోని పటాలన్నీ తువ్వాలులో చుట్టి, బట్టలుతికే మెషీన్ వెనక్కి తోసేశాడు. ఆంటీ పొద్దున్న స్నానం చేసి వచ్చి చూస్తే అర ఖాళీ. వాడే ఏడుస్తూ చెప్పాడట. "నువ్వు ఫైర్‌లోకి వెళ్ళకూడదు అమ్మా. నేను సేఫ్ చేశాను."

ఆ రోజు ఆంటీ మంచులో నడుచుకుంటూ మా ఇంటికొచ్చింది. నేను చెప్పే కథలో ఈ చోట ఆవిడ కేకలు వేసేది. చెప్పిన కొద్దీ ఆ కేకలు పెరిగాయి. నిజానికి ఆవిడ గొంతు పెంచలేదు. కోటు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "మీ పాటలు వాడు పాడుకుంటే నాకేం బాధ లేదన్నయ్యగారూ. మా బడిలో నేనూ పాడాను. కానీ పిల్లాడు అమ్మకేమవుద్దోనని రాత్రంతా నిద్దరోలేదు. ఈ భయం మన బడిలో లేదే?" అంది. నాన్న లేచి ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. తరవాత, "లేదమ్మా. నేనెళ్ళి చూడలేదు. చూడాల్సినవాణ్ణి నేనే" అన్నారు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. వాళ్ళింటి పటాల సంగతి బస్సులో ఎలా బయటపడిందని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కమిటీ కలిసిన రోజు నాన్న ఆంటీని వెంటబెట్టుకుని వెళ్ళారు. చీర మీద లావుపాటి కోటు, కాళ్ళకి మా అమ్మ మంచుబూట్లు. అందరూ ఆవిడ బస్సు ఆపేయమంటుందనే అనుకున్నారు. ఆవిడ అడిగింది వేరు: నెలకోసారి నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను, ఏ పిల్లాడి ఇంటి సంగతీ పాఠంలోకి తేవద్దు, కమిటీలో బస్సెక్కని పిల్లల తల్లులు కూడా ఉండాలి. ఒకరిద్దరు మొహాలు ముడుచుకున్నారు. సరేనని ముందుగా చెయ్యెత్తింది మిసెస్ హెలెన్, ఆ వెనక మిగతావాళ్ళు. మర్నాడు ఆమె యాపిల్ పై పట్టుకుని శేఖర్ వాళ్ళింటికి వెళ్ళి, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నాది తప్పు అని చెప్పిందట.

శేఖర్ మళ్ళీ బస్సెక్కలేదు. వాడిలాగే బడిలో ఉండిపోయిన పిల్లలు ఆ గంటసేపు లైబ్రరీలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవారు, ఎందుకంటే ఆ సమయంలో కొత్త పాఠం చెప్పకూడదు. ఆంటీ టీచర్‌ని అడిగి వాళ్ళకి వామనగుంటలు నేర్పింది. చింతగింజల బదులు ఎండు చిక్కుడు గింజలు, పీట బదులు గుడ్ల అట్టపెట్టె, తక్కువైన గుంటలకి రెండు కాగితం కప్పులు. రెండు నెలలు తిరిగేసరికి బస్సులో సగం బెంచీలు ఖాళీ. పిల్లలు పాటలొదిలేసి గుడ్ల పెట్టెల దగ్గర చేరారు. కమిటీలో పెద్దాయనొకరు, "మీ గింజలు మా బస్సుని ఖాళీ చేస్తున్నాయమ్మా" అని మొరపెట్టుకుంటే, ఆంటీ పకపకా నవ్వి, తన ఆటని శుక్రవారానికి మార్చుకుంది. బస్సు మూయించిన మనిషని నేను ఊరంతా చెప్పిన ఆవిడ చేసిన పని ఇది. నేను హైస్కూలుకి వెళ్ళేదాకా ఆవిడ ఆ వెనక బెంచీలో కూర్చుంటూనే ఉంది. చివరికి బస్సు ఆగిపోయింది ఇంజను చెడి, నడిపే ముసలాయన మంచాన పడటంవల్ల.

మరి నేనెందుకలా చెప్పాను? పదిహేడేళ్ళప్పుడు ఒక యూత్ క్యాంప్‌లో, విశ్వాసం కోసం నువ్వేం కోల్పోయావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మాకో బస్సుండేది, ఒకావిడ మూయించింది అన్నాను. అందరూ అయ్యో అన్నారు. ఆ అయ్యో నాకు నచ్చింది. చెయ్యెత్తిన పిల్లాడు ఆ కథలో ఉండడు, అది ఇంకా నచ్చింది. నాన్న పోయాక దిద్దేవాళ్ళు కూడా లేకపోయారు.

ఈ ఏడాది మా ఊళ్ళో చర్చిలు కలిసి అలాంటి తరగతి మళ్ళీ మొదలుపెట్టాయి. స్థానికంగా పర్యవేక్షణ కమిటీ ఉండాలని స్కూల్ బోర్డు అడిగింది. మా తెలుగు చర్చి తరఫున నేనూ, డేవిడ్ అనే కుర్రాడూ వెళ్ళాం. వేరే మతాల తల్లిదండ్రులకి అందులో చోటివ్వాలా అన్న మాట రాగానే డేవిడ్ నావైపు తిరిగాడు. "అన్నా, మీరే కదా చెప్పారు? అప్పుడు ఎవరో ఆంటీని కమిటీలో పెడితే మొత్తం బస్సే క్లోజ్ చేయించిందని. మళ్ళీ ఆ రిస్క్ ఎందుకు?" తలలు ఊగాయి. నేను కాదనకుండా ముందున్న కాగితాలు సర్దుకున్నాను. ఓటు వచ్చే వారానికి వాయిదా పడింది.

మర్నాడు ఆంటీ దగ్గరికి వెళ్ళాను. అదే వీధి, అదే ఇల్లు. "ఏరా బాబీ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా? బూట్లు అక్కడే విప్పు" అంది. బస్సులో చెయ్యెత్తింది నేనేనన్న దగ్గర్నుంచి అంతా చెప్పాను.

"తెలుసురా. మీ చర్చి అమ్మాయొకతి మా పళ్ళ డాక్టరు దగ్గర చేస్తది. బస్సు మూయించింది మీరేనా ఆంటీ అని అడిగింది, నా నోట్లో గొట్టం పెట్టి! ఏం చెప్పమంటావప్పుడు?"

"కోపం రాలేదా ఆంటీ?"

"రాకేం? నా చేతికి దొరికుంటే చెవి మెలేసేదాన్ని. నాకు సారీ చెప్పి, కాఫీ తాగి పోతే లాభం లేదు. ఎక్కడ చెప్పావో అక్కడ చెప్పు."

ఆదివారం చర్చిలో చెప్పాను, మంగళవారం కమిటీలో చెప్పాను. డేవిడ్ పెన్ను పక్కన పెట్టి, "అయితే మా అపార్ట్‌మెంట్స్‌లో స్రవంతి అని ఒకావిడ ఉంది అన్నా, వాళ్ళ పాప క్లాస్‌కి రాదు. ఆవిడ దేన్నీ ఈజీగా వదలదు. అడుగుదామా?" అన్నాడు. తరగతికి రాని పిల్లల తల్లిదండ్రులకి రెండు చోట్లు ఇవ్వాలని తీర్మానమైంది.

నాన్న లేరు. మిసెస్ హెలెన్ లేదు. తోటలు కొట్టేసి ఇళ్ళు కట్టారు, పళ్ళకొట్టు ఉన్నచోట ఇప్పుడు మందుల షాపు, తరగతి దాని పక్కన అద్దె హాల్లో జరుగుతోంది. పలకా గుడ్డబొమ్మలూ పోయి గోడంత తెర వచ్చింది. మొదటి బుధవారం స్రవంతి ఆఫీసుకి లీవు పెట్టి వెళ్ళి, తరగతి అయ్యేదాకా కూర్చుని వచ్చింది. ఆమెది కరీంనగర్. ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"అన్నా, పాటలు మస్తున్నయ్. కానీ లాస్ట్‌ల వీడియో ఒకటి పెట్టిన్రు. అండ్ల మంటలు చూసి ఒక చిన్నపాప చెవులు మూసుకుంది. అది తీసేయాలె."

"వచ్చే బుధవారంలోపే తీయిద్దాం. ఇవాళే డేవిడ్‌తో మాట్లాడతాను" అన్నాను.

"ఫస్ట్ రోజే ఎక్కువ మాట్లాడుతున్ననా అన్నా?"

"లేదమ్మా. ఇంకేమైనా ఉంటే చెప్పు."

ఇంకా చాలా ఉన్నాయట. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.