కోట తలుపు దగ్గర మా అన్నయ్య

మా ఆయన బొమ్మలు వేస్తాడు. కొండ, ఏరు, గుర్రం, గాల్లో ఎగిరిన బంతి, ఏదైనా సరే చూడకుండానే వేసేస్తాడు. మనిషి ముఖం దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి మొరాయిస్తుంది. ఎదురుగా కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటే తప్ప ముక్కూ మూతీ వేయడం ఆయన వల్ల కాదు. అందుకే మా ఇంటికి వచ్చిన పాపానికి చుట్టాలందరూ చరిత్రలోకి వెళ్లిపోయారు. మా ఆడపడుచు రాణి. పాలు పోసే ఆయన మంత్రి. నేను యుద్ధంలో చచ్చిపడిన సైనికుణ్ణి, మీసం పెట్టి మరీ. అదేమిటని నిలదీస్తే, "కళ్లు మూసుకుంటే నీ ముఖం ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. నోరు కూడా మూసుకుంటానని కాబోలు.

షాపులకు బోర్డులు రాసుకు బతికే మనిషికి స్టేడియం గోడ దొరికింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఎడమ చివర మా కొండలూ ఏరూ, నడుమ పాత కోట ముట్టడి, కుడి చివర మా ఊరు ప్రాణం పెట్టే ఫుట్‌బాల్. "మన నేల, మన చరిత్ర, మన ఆట" అని పొద్దస్తమానం అదే జపం.

లోపలివాడొకడు తలుపు తీయబట్టే ఆ కోట శత్రువుల చేత చిక్కింది. ఈ కథ ఊళ్లో అందరికీ తెలుసు. మరి ఆ ద్రోహికి ముఖం ఎవరిస్తారు? విషయం చెప్పగానే పాలాయన సైకిలెక్కేశాడు. ఈసారి మా ఆయన ఎవరికీ చెప్పదలచుకోలేదు. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య వచ్చాడు.

మా అన్నయ్య బస్సు డిపోలో గుమాస్తా. వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టుకు గోల్‌కీపర్. ఎన్ని గోల్స్ ఆపాడో ఎవరికీ గుర్తులేదు. ఫైనల్లో ఒక తేలిక బంతి చేతుల్లోంచి జారిపోయింది. అదొక్కటే ఊరికి గుర్తు. డబ్బు తిని వదిలేశాడన్నారు. పచ్చి అబద్ధం. అయినా అన్నయ్య ఒక్కరితోనూ వాదించలేదు, మళ్లీ ఆ స్టేడియం వైపు వెళ్లనూ లేదు.

అలాంటి మనిషి, గోడ మీద ఫుట్‌బాల్ వేస్తున్నారని విని, ఆనాటి గ్లౌజులు తొడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ గ్లౌజు బొటనవేలు చిరిగితే మా అమ్మ ఎర్ర దారంతో కుట్టింది, ఆ కుట్టు ఇంకా అలాగే ఉంది.

"నన్నెక్కడ పెడతావు బావా?" అని అడిగాడు.

"మంచి చోటేలే బావా. గ్లౌజులు తీసెయ్, వేళ్లు కనపడాలి" అన్నాడు మా ఆయన.

అన్నయ్య తీసి పక్కన పెట్టాడు. వెళ్లేటప్పుడు మరిచిపోయాడు. నేను టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఎవరి వేషమని అడగాలన్న ఆలోచనే రాలేదు.

గోడకు కట్టిన గుడ్డ తీసిన రోజు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వదినతో వచ్చాడు. తలుపు గడియ తీస్తున్న ద్రోహిని చూసి జనం అన్నయ్య వైపు తిరిగారు. కనుబొమ్మ మీద గాటుతో సహా అచ్చం అన్నయ్యే. ఎవరో పకపకా నవ్వారు. "వేషం బాగా కుదిరింది. అప్పుడూ ఇంతేగా" అన్నారు ఇంకెవరో. అన్నయ్య వదిన చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక దులిపేశాను. "మీ బుద్ధి గడ్డి తిందా? ఊరు అన్న మాట చాలదని గోడకెక్కించారా?"

"నేను ముఖమే చూశానే. ఆ సంగతి తట్టనే లేదు" అన్నాడు.

అబద్ధం కాదు. అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. ఊరు ఆ మాటని మరిచిపోలేదు. ఇంట్లోవాడికి గుర్తే లేదు.

తెల్లారగానే అద్దం పట్టుకుని గోడ దగ్గరికి పోయాడు. అన్నయ్య ముఖం చెరిపి తన ముఖం వేసుకున్నాడు. చూడటానికి రమ్మని నేను బతిమాలితే, నా కోసం అన్నయ్య వచ్చాడు.

"నీకూ బాగానే కుదిరింది బావా" అన్నాడు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

అన్నయ్య అక్కడ ఆగలేదు. కుడి చివరకు నడిచి గోల్‌కీపర్ ముందు నిలబడ్డాడు. ముఖం మందుల షాపు అతనిది. చేతులకు గ్లౌజులు. ఎడమ బొటనవేలి మీద ఎర్ర దారం కుట్టు. మా ఇంట్లో మరిచిపోయిన గ్లౌజుల్ని ముందు పెట్టుకుని మా ఆయన పోగు పోగునా దించేశాడు.

అన్నయ్య ఆ కుట్టు మీద వేలు పెట్టాడు.

"వీడి కోసమే అనుకుని వచ్చాను బావా, ఆ రోజు."

మా ఆయన కుంచె కోసం తడుముకున్నాడు. "ఇప్పుడే మార్చేస్తాను, కూర్చో బావా."

"వద్దులే. ఇప్పుడు పెడితే జాలిపడి పెట్టారంటారు" అని అన్నయ్య డిపోకి వెళ్లిపోయాడు.

గ్లౌజులు ఇంకా మా బీరువా మీదే ఉన్నాయి. "వెళ్లి ఇచ్చి రండి" అంటే, "నువ్వివ్వు, నీ అన్నేగా" అంటాడు. నిజమే, నేనివ్వొచ్చు. నాకూ ముఖం చెల్లడం లేదు.