అరచుట్టు ఆలస్యం

డ్రిల్లింగు మిషను బల్లకు రెండు చేతిచక్రాలు. నిరుడు భర్త పోయేదాకా బల్లను అటూ ఇటూ జరిపేది ఆయన, ముందుకూ వెనక్కూ జరిపేది ఆమె. ఇప్పుడు రెండూ ఆమే తిప్పుతుంది. "కాస్త నా వైపు", "చాల్చాలు, ఆగు" అంటూ ఇద్దరి మాటలూ తనే పలుకుతుంది. "ఎవరితో అక్కా పోట్లాట?" అన్నాడు పక్కనున్న తమ్ముడు. "మీ బావతోనే. ఇవాళ ఎదురు చెప్పకుండా వింటున్నారు."

ఇత్తడి పలకకు ఇక చివరి రంధ్రమే మిగిలింది. వెంట్రుకవాసి తప్పినా వారం రోజుల పని దండగ. భర్త తిప్పిన చక్రం వదులు. తిప్పే దిశ మార్చినప్పుడల్లా అరచుట్టు ఊరికే తిరిగాక గానీ బల్ల కదలదు. ఆమె ఊపిరి బిగబట్టి, ఆ అరచుట్టూ ఓపిగ్గా తిప్పింది. రంధ్రం గుర్తు మీదే పడింది. తమ్ముడు పానా అందుకున్నాడు. "ఇకనైనా ఆ చక్రం నట్టు బిగించేస్తానక్కా." ఆమె నవ్వింది. "ఉండనీరా. అన్నానికి పిలిచినా ఆయన అరగంటకు గానీ కదిలేవారా? నాకలవాటే."