పైన్ చెట్ల వెనక మూడు దూడలు

నా చిన్నప్పుడు మేం పామర్‌స్టన్ నార్త్ ఊరు దాటాక, రోడ్డుకి రెండు పక్కలా పచ్చికబీళ్ళు మొదలయ్యే చోట, ఒక ముసలాయన ఫారంలో చిన్న ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. గుంటూరు వైపు నుంచి ఆ పరాయి దేశానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్నకి దూరాన లోవర్ హట్ అనే ఊళ్ళో పని దొరకడంతో శనాదివారాలకే ఇంటికొచ్చేవాడు. నాకు తొమ్మిదేళ్ళు. ఆ ముసలాయన తెల్లాయన, తెలుగు ముక్క రాదు. నేను మాత్రం ఆయన్ని ఆవుల తాతయ్య అనేదాన్ని, ఆయన కూడా ఆ పిలుపుకి బాగానే పలికేవాడు.

ఆయన దగ్గర ఒక్క జాతివే, మాంసం కోసం పెంచే ఎర్ర ఆవులు ఉండేవి. ఆ జాతిని పెంచేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆయనే సెక్రటరీ. నెలకోసారి సభ్యులందరికీ ఉత్తరం టైపు చేసి, ఊళ్ళో జిరాక్స్ తీయించి పంపేవాడు. కొత్త దూడల పేర్లు ఫలానా తేదీలోగా నమోదు చేయించుకోండి, చెవి బిళ్ళల నంబర్లు సరిచూసుకోండి, కోడెల అమ్మకం ఫలానా శనివారం, పుట్టినవాటితో పాటు చచ్చి పుట్టిన దూడల్ని కూడా రాసి పంపండి, ఇలాంటి కబుర్లూ హెచ్చరికలూ ఉండేవి అందులో. స్కూలు నుంచి వచ్చాక అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయేది కాబట్టి నా సాయంత్రాలన్నీ ఆయన వంటింటి బల్ల దగ్గరే. కాగితాలు మడతపెట్టి, కవర్లలో దూర్చి, స్టాంపులు అంటించడం నా పని.

నిజం చెప్పాలంటే నాకు ఇంగ్లీషు వచ్చింది ఆ ఉత్తరాల్లోంచే. క్లాసులో ఒకమ్మాయి నా పెన్సిలు తీసుకుని ఇవ్వకపోతే, ఈ నెలాఖరులోగా అందజేయవలసిందిగా మరోసారి గుర్తు చేస్తున్నామని చెప్పానట. మా టీచరు కుర్చీలో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఆవుల తాతయ్యకి ఒక ఆబోతు ఉండేది. ఊరికే ఆబోతు అంటే సరిపోదు, దాన్ని చూడటానికి జనం ఎక్కడో దూరాన హామిల్టన్ అవతల నుంచి కూడా కార్లేసుకుని వచ్చేవాళ్ళు. వంటింట్లో పెళ్ళిఫోటో పక్కనే దాని ఫోటో. సంఘంలో సగంమంది మందల్లో దాని కొడుకులో కూతుళ్ళో ఉండేవి. ఆ రక్తం చెదిరిపోకూడదని ఆయన చూడి కట్టేందుకు దాని కొడుకునే దాని కూతుళ్ళకి దాటించేవాడు. జాతి పశువులు పెంచేవాళ్ళు గొప్పగా చెప్పుకునే పద్ధతి అది. దాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఆయన ముఖం చూడాలి! అంత పొంగిపోయేవాడు.

ఆ దేశంలో ఆగస్టంటే చలికాలం చివర, వసంతం ముందు. ఆ ఆగస్టులో ఆవులు ఈనడం మొదలైంది. పొద్దున్నే మంచు పొలమంతా కప్పేసేది. ఆ వైపు గాలి ఎప్పుడూ ఆగదు, గాలికి అడ్డంగా నాటిన పైన్ చెట్ల వరసలోంచి ఒకటే రొద. ఒక రోజు స్కూలు బస్సుకి ముందు నేను తాతయ్యని వెతుక్కుంటూ గడ్డి షెడ్డు వెనక్కి వెళ్ళాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముందు చచ్చి పుట్టిన దూడ ఒకటి ఉంది. కాళ్ళు నాలుగూ లోపలికి ముడుచుకుపోయి, కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. వెన్ను పక్కకి మెలి తిరిగి ఉంది. కళ్ళు మాత్రం మామూలు దూడ కళ్ళే. 

ఆయన తల తిప్పి నన్ను చూసి, గబుక్కున గోనెసంచి కప్పేశాడు. ఇలా అప్పుడప్పుడూ అవుతుంది, ఎవరికీ చెప్పకు అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లతో ఒక పెద్దాయన రహస్యం పంచుకుంటే ఎలా ఉంటుంది! అబ్బో, నేనేదో గొప్పదాన్నయిపోయినట్టు తలూపేశాను. ఆయన చొక్కా జేబులో చిన్న పుస్తకం ఉండేది. ఏ ఆవు ఎప్పుడు ఈనింది, తండ్రి ఏది, దూడ ఏది, అన్నీ అప్పటికప్పుడు అందులో రాసేవాడు. ఆ రోజు ఆ పుస్తకం బయటికి తీయలేదు. దూడని పైన్ చెట్ల వెనక పాతిపెట్టాడు. దాని తల్లి రెండు రోజులపాటు కంచె దగ్గర నిలబడి, ఆ చెట్ల వైపే చూస్తూ అరిచింది.

రెండు వారాలకి ఇంకొకటి. అచ్చం అలాగే, అవే కాళ్ళు, అదే వెన్ను. ఈసారి ఆయన నాకు ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. కానీ ఆ తర్వాత నుంచి ఆ చెట్ల పక్కనుంచి వెళ్ళాలంటే భయమేసేది. ఆయన కుక్క కూడా అటు వెళ్ళి, నేల వాసన చూసి, తోక ముడుచుకుని వచ్చేసేది. ఆయనకి తిండి సహించేది కాదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. ఎవరైనా దూడలు ఎలా ఉన్నాయని అడిగితే, అన్నీ బాగున్నాయి, ఈ ఏడాది చాలా బాగున్నాయి అని మరీ గట్టిగా చెప్పేవాడు.

మా పక్క ఫారంలో ఒక ఆంటీ ఉండేది. భర్త పోయి రెండేళ్ళయింది, ముప్ఫై ఆవుల్ని ఒక్కతే చూసుకునేది. ఆ ఆవుల్లో చాలావరకు తాతయ్య ఆబోతు కూతుళ్ళే. స్కూలు బస్సు నన్ను ఆవిడ గేటు దగ్గరే దింపేది. రోజూ నా కోసం వేడిపాలూ, ప్లమ్ జామ్ రాసిన రొట్టే సిద్ధంగా ఉంచేది. ఆ మందే ఆవిడ బతుకు. ఇంకో ఏడాది దూడలు సరిగ్గా రాకపోతే ఫారం అమ్ముకుని కూతురి దగ్గరికి పోవాల్సిందేనని మా అమ్మతో ఒకసారి అంది. కూతురి దగ్గరికి పోవడమంటే ఆవిడకి చావుతో సమానం.

సెప్టెంబరు మధ్యలో ఆవిడ కొనబోయే కోడెని చూసుకోవడానికి తాతయ్య దగ్గరికి వచ్చింది. అమ్మకం రోజు కన్నా ముందే ఒకటి ఎంచుకుని, నవంబరులో తన ముప్ఫై ఆవులతో వదలాలని ఆవిడ ఆలోచన. పెద్ద ఆబోతు కొడుకు, నిగనిగలాడుతున్న ఏడాది కోడె దగ్గర ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ అడిగింది, నువ్వు రోజూ చూస్తున్నావు కదా, దీన్నే తీసుకోనా అని. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. నేను తలూపాను. ఆవిడ సంతోషంగా దాని వీపు తట్టింది.

ఆ వారంలోనే మూడోది పుట్టింది. ఆ రోజు అమ్మ రాత్రి డ్యూటీ దిగి పొద్దున్న ఇంటికి వస్తూ, నేను పైన్ చెట్ల దగ్గర నిలబడి ఏడుస్తుంటే చూసింది. నేను చెప్పనన్నాను, మాట ఇచ్చానన్నాను. అమ్మ నన్ను పక్కకి జరిపి తనే వెళ్ళి, ఇంకా పాతిపెట్టని దూడ మీది గోనెసంచి ఎత్తి చూసింది. 

"దీని తల్లి ఏది?" అంది.

పెద్ద ఆబోతు కూతురు అన్నాను.

"తండ్రి?"

ఆ ఆబోతు కొడుకే అన్నాను. అన్ని కవర్లు మడతపెట్టినదాన్ని, నాకు తెలియనిదేముంది!

అమ్మ గోనెసంచి మళ్ళీ కప్పేసింది. మా పెద్దమ్మని సొంత మేనమామకే ఇచ్చారు. ఆవిడకి ముగ్గురు పిల్లలు ఇలాగే పుట్టి, పుట్టిన గంటలోనే పోయారట. దేవుడి చిత్తం అనుకుని ఇంట్లో అందరూ నోరు మూసుకున్నారు. పెద్దమ్మ అత్తవారింట్లో మాత్రం తప్పంతా ఆవిడ కడుపుదే అన్నారు. ఎవరూ పైకి చెప్పకపోవడంతో ఆ ఇంట్లోనే ఇంకో మేనరికం కూడా చేశారు, ఆ పిల్లకీ అదే గతి పట్టింది. అమ్మ ఇవన్నీ నాకు ఆ తడి గడ్డిలో నిలబడే చెప్పింది. అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత యూనిఫాం కూడా మార్చుకోకుండా సరాసరి తాతయ్య ఇంటికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. అమ్మకి అప్పటికి ఇంగ్లీషు గలగలా రాదు, ఒక్కొక్క ముక్కే పేర్చుకుంటూ చెప్పింది. మా అక్కకి ముగ్గురు పిల్లలు. అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. తర్వాత ఇంకో పిల్లకి. అంతే.  ఆయన లేచి, తలుపు తీసి పట్టుకున్నాడు. ఇక వెళ్ళమని దానర్థం. ఇల్లు ఖాళీ చెయ్యమంటాడేమోనని అమ్మ ఆ రోజంతా నిద్రపోలేదు.  అద్దె ఇల్లు పోతే ఎక్కడికి పోతాం? మాకు ఆ దేశంలో ఎవరున్నారు గనక!

రెండు రోజులు ఆయన ఇంట్లోంచి టైపు మిషను చప్పుడు వినబడుతూ, ఆగిపోతూ, మళ్ళీ వినబడుతూ ఉంది. మూడో రోజు సాయంత్రం గుమ్మంలోంచి నన్ను ఎప్పటిలాగే పిలిచాడు. బల్ల మీద ఆ నెల ఉత్తరాలు దొంతరగా ఉన్నాయి. ఎప్పుడూ మొదట ఉండే అమ్మకం తేదీ, వాతావరణం కబుర్లూ ఏవీ లేవు. మొదటి వాక్యం చదివి నేను స్టాంపు నాలుక మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాను. ఈ వసంతంలో నా మందలో మూడు దూడలు వంకరగా చచ్చి పుట్టాయి, మూడింటినీ నేను దాచాను, అని ఉంది. కింద తన ఆబోతు పేరు. దాని కొడుకుల పేర్లు వరసగా. ఏ ఏ మందలకి అవి వెళ్ళాయో, అన్నీ. వాటిని వాటి సొంత రక్తానికి దాటించొద్దని, కోడెల అమ్మకంలోంచి తన పశువులన్నిటినీ తీసేస్తున్నానని చివరన ఉంది. తన సంతకం ఎప్పటికన్నా పెద్దగా పెట్టాడు.

అన్ని కవర్లూ అయ్యాక పక్కింటి ఆంటీది ఒక్కటి విడిగా తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఆవిడకి పంపడేమో అనుకున్నాను. కానీ ఆయన టోపీ పెట్టుకుని, నన్నూ రమ్మని, గాలికి ఎదురుగా ఆవిడ గేటు దాకా నడిచాడు.  ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉత్తరం చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఇప్పుడు అరుస్తుంది, తిడుతుంది, ఆయన ముఖాన విసిరేస్తుంది అనుకున్నాను.

"నాకూ అలాంటివి రెండు పుట్టాయి, పోయిన ఏడాది," అంది.

ఆయన అర్థం కానట్టు చూశాడు. వాగు పక్కన విల్లో చెట్ల కింద పాతిపెట్టానని చెప్పింది. ఎందుకు చెప్పలేదంటే, ఆడది ఒక్కతే చూసుకోలేక పాడుచేసిందంటారని కొంత, మీ ఆబోతుకి లేనిపోని చెడ్డపేరు తెస్తానేమోనని కొంత అంది. ఆవిడ అది అప్పుడే చెప్పి ఉంటే ఆయన మళ్ళీ ఆ రక్తాన్ని కలిపేవాడే కాదు. ఆయన మొదటిది పుట్టగానే చెప్పి ఉంటే ఆవిడ కోడెని చూడటానికే వచ్చేది కాదు.  గేటుకి ఇవతల నిలబడి ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆవిడ గేటు తెరిచింది.

ఆ తర్వాత నెల్లాళ్ళూ సభ్యుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకరికి ఒకటి, ఒకరికి నాలుగు. చెత్తగుంటల్లో, వాగుల పక్కన, చెట్ల వెనక. అందరూ తమ ఒక్కరికే అలా అయిందనుకున్నారు.  ఆయన ఊహించినదానికన్నా ఎంతో దూరం పాకిపోయింది అది. అక్టోబరులో ఒక పొద్దున కబేళా లారీ వచ్చి పెద్ద ఆబోతుని తీసుకెళ్ళింది. అది బుద్ధిగా, తల ఊపుకుంటూ ఎక్కింది. ఆయన వంటింటి ఫోటో మాత్రం తీయలేదు. ఆంటీకి వేరే రక్తం కోడెని ఆయనే వెతికి తెచ్చిపెట్టాడు. ఆవిడ ఫారం ఆవిడకి మిగిలింది. మా ఇల్లూ మాకు మిగిలింది.

ఇప్పుడు ఆ సంఘం ఉత్తరాలు రాసేది నేనే. ఆవుల తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఈమెయిల్లో పంపుతాను. ఇప్పుడు తోక వెంట్రుకలు నాలుగు ల్యాబుకి పంపితే ఏ ఆబోతు రక్తంలో ఏముందో పరీక్షలో తేలిపోతుంది. అయినా ప్రతి వసంతంలో ఎవరో ఒకరు ఫోను చేసి, పది నిమిషాలు వాన గురించి మాట్లాడతారు. నాకు అర్థమైపోతుంది. తొందరపెట్టను. నా పొరపాటేదైనా ఉంటే అది ముందు చెబుతాను, అప్పుడు వాళ్ళకి నోరు పెగులుతుంది. ఇది ఆయన దగ్గర నేర్చుకున్నదే, ఈ పద్ధతి ఇప్పటిదాకా నన్ను ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు.

అయితే ఆ రోజు గేటు దగ్గర ఆయన తన మాట చెప్పాడు, ఆవిడ తన మాట చెప్పింది. మూడో మనిషిని నేనూ అక్కడే ఉన్నాను. ఆంటీ ఆ సాయంత్రం కూడా నాకు పాలు వేడిచేసి ఇచ్చింది, నేను తాగాను. ఆ తర్వాత ఇంకో పదేళ్ళు ఆవిడ చేతి రొట్టె తిన్నాను. మొదటి దూడని చూసింది నేనని, కోడెని తీసుకోనా అని నన్నడిగినప్పుడు నాకు అంతా తెలుసని, తెలిసే తలూపానని ఆవిడతో ఎప్పుడూ అనలేకపోయాను. చిన్నపిల్లవి, నీ తప్పేముంది అని ఆవిడ తప్పకుండా అనేది. అందుకే చెప్పలేదేమో. ఆవిడ పోయింది, అది నా దగ్గరే ఉంది.