పిలవకపోయినా వెళ్ళాను

ఈ రోజు ఆరాధన అయ్యాక మా ఊరి చర్చిలో, కొత్తగా సీట్లొచ్చిన పిల్లల్ని ప్రార్థన కోసం ముందుకు పిలిచారు. ఇంజనీరింగ్ వాళ్ళు వెళ్ళారు, మెడిసిన్ సీటొచ్చిన అబ్బాయి వెళ్ళాడు. నాకు అమలాపురంలో బీఎస్సీ నర్సింగ్ సీటొచ్చిందని ఊరందరికీ తెలుసు. అయినా నా పేరు పిలవలేదు. అమ్మ నా చున్నీ పట్టుకుని ఆపుతున్నా లేచి వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాను.

పేర్లు పిలుస్తున్న సంఘపెద్ద గారు మైకు పక్కకి జరిపి, "నువ్వెందుకొచ్చేవమ్మా? ఇది పెద్ద చదువుల వాళ్ళకి" అన్నారు.

"నాదీ నాలుగేళ్ళ డిగ్రీయేనండీ. నర్సుకి ప్రార్థన అక్కర్లేదాండీ?" అన్నాను.

ఇంతలో ఆడవాళ్ళ వైపు నుంచి, మొన్ననే ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మరియమ్మ మామ్మగారు గట్టిగా అన్నారు: "ఆయ్, ఆ పిల్లకే ముందు చెయ్యండి పాస్టరు గారూ! ఆసుపత్రిలో నేను పిలిచినప్పుడల్లా పలికింది నర్సమ్మేనండీ."

పాస్టరు గారు నవ్వి, మొదట నా తల మీదే చెయ్యి పెట్టారు.

సంఘపెద్ద గారికి ఇంకా కోపం తగ్గలేదట. ఉండనివ్వండి. మీ ఊళ్ళో నర్సింగ్ పిల్లల్ని ముందుకు పిలుస్తున్నారా? పిలవకపోతే మాత్రం కూర్చోకండమ్మా, లేచి ముందుకెళ్ళిపోండి.