యలమంద బండి చప్పుడు

మా ఊళ్ళో మనిషిని చూసి పలకరించడం తక్కువ. బండి చప్పుడు విని ఇంట్లోంచే పలకరిస్తారు. ఇంకొల్లు నుంచి వచ్చే రోడ్డు మీద నా కుట్టు కొట్టు, దాన్ని ఆనుకునే జయపాల్ మెకానిక్ షెడ్డు. ఇన్నేళ్ళుగా అతని షెడ్డు పొగ నేను కుట్టిన జాకెట్లకు పడుతూనే ఉంది కాబట్టి, ఏ బండి ఎవరిదో మిషన్ మీంచి తల ఎత్తకుండా చెప్పగలను. యలమంద బండి సంగతైతే చెప్పడానికి చెవులు అంత బాగుండక్కర్లేదు. పాత వంద సీసీ బండి, ఇంజిన్లో ఎక్కడో టకటకమని ఒకటే రొద. బాగు చేయించరా అని జయపాల్ మొత్తుకుంటే, "ఉండనీ అన్నా. ఈ చప్పుడు వింటేనే మా అమ్మ కంచం పెట్టుద్ది" అనేవాడు.

అది వేళాకోళం కాదు. వాళ్ళమ్మ గురవమ్మకు షుగరుతో చూపు పోయింది. సాయంత్రం కొడుకు బండి వాగు గట్టు ఎక్కగానే ఆ టకటక విని లేచేది. తడుముకుంటూ అన్నం వడ్డించేది. బండి గుమ్మం ముందు ఆగేసరికి కంచం సిద్ధంగా ఉండేది.

కిందటేడు తుఫానులో యలమంద పోయాడు. నల్లరేగడి తడిస్తే బంక. చక్రానికి అంటుకుని, మడ్‌గార్డులోకి ఎక్కి, బిగుసుకుని చక్రాన్ని తిరగనివ్వదు. అందుకే పొలం వెళ్ళే ప్రతివాడూ బండి మీద కొడవలో, పుల్లో పెట్టుకుంటాడు, మధ్యమధ్యలో దిగి గీకడానికి. యలమంద ఆ రోజు దిగలేదు. ఇంకాస్తే కదా అనుకుని ఉంటాడు. ఇక్కడ ప్రతివాడూ అలాగే అనుకుంటాడు. వాగు దిగుడులో ముందు చక్రం పట్టేసింది. బండి వాగులోనే దొరికింది. మనిషి చాలా దిగువన తుమ్మకంపలో దొరికాడు.

పెద్దకర్మ దాకా గురవమ్మ ఏడ్చింది. ఆ తర్వాత ఏమైందో, ఆ సంగతే ఆమెలోంచి జారిపోయింది. ఏడుపు ఆగింది. కొడుకు ఊసే ఎత్తేది కాదు. వయసుతో మతిమరుపు వచ్చిందన్నారు. దేవుడు చేసిన మేలు అనుకున్నాం.

యలమంద భార్య కోటిరత్నం. నోట్లోంచి మాట రావాలంటే ముందు దండం పెట్టాలన్నట్టుండే మనిషి. అలాంటిది వానాకాలం మొదలవుతుండగా, మూలన పడి ఉన్న ఆ బండిని తోసుకుంటూ వచ్చి షెడ్డు ముందు నిలబెట్టింది.

"జయపాలన్నా, కౌలు చేలో మిరప వేస్తన్నా. వానొస్తే వాగవతలకి ఆటో రాదు. దీన్ని డొంకలో పొయ్యేట్టు చెయ్యి."

జయపాల్ ముఖం పాలిపోయింది. "ఇంకేదన్నా బండి చూద్దాం చెల్లెమ్మా. ఇదొద్దు. వాడి ప్రాణం తీసింది."

"బండి తియ్యలేదు. బురద తీసింది. బురద పట్టకుండా చెయ్యి చాలు."

జయపాల్ బండిని షెడ్డులోకి తోసుకున్నాడు.

రేపు అంటే వచ్చే నెల అనే జయపాల్, ఆ బండి పని మాత్రం మర్నాడే మొదలుపెట్టాడు. కిందకి ఉన్న మడ్‌గార్డు పీకేసి, హ్యాండిల్ కింద ఎత్తుగా ప్లాస్టిక్ రేకు బిగించాడు. ఇప్పుడు చక్రానికీ దానికీ మధ్య నా చెయ్యి దూరుతుంది. చీరాల పాత సామాన్ల కొట్లో గుబ్బల టైర్లు తెచ్చాడు. వెనక పళ్ళ చక్రం పెద్దది వేశాడు, బురదలో లాగడానికి. నీళ్ళు ఎక్కకుండా సైలెన్సర్ని పక్కనుంచి పైకి వంచి అతికాడు. చీర గార్డు కోసేశాడు. సీటు కురచ చేసి, మందపాటి రెగ్జిన్‌తో నేను కుట్టాను. యలమంద బండి కాదని ఎవరైనా ఒట్టు వేయచ్చు, అలా మారింది.

అప్పుడు జయపాల్ కిక్ కొట్టాడు.

టకటక.

ఎదురుగా టీ తాగుతున్నవాళ్ళు తలలు తిప్పారు. ఒకడి గ్లాసు జారింది. జయపాల్ గబుక్కున తాళం తిప్పి ఇంజిన్ ఆపాడు. "సైలెన్సర్ మారితే పోద్దనుకున్నా అక్కా. టైమింగ్ చైను వదులైంది. అదే చప్పుడు. మారుస్తా" అన్నాడు.

గురవమ్మ ఇల్లున్న వెనక సందులో పిల్లలు అరిచారు. వెళ్ళి చూస్తే గురవమ్మ కంచంలో అన్నం పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ముఖం రోడ్డు వైపు. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

బండి కోసం వచ్చిన కోటిరత్నం కూడా నా వెంటే వచ్చి చూసింది. తిరిగొచ్చి, "చైను మార్చొద్దన్నా" అంది.

"తెగితే వాగులో ఆగిపోద్ది చెల్లెమ్మా!"

"మార్చొద్దు."

అలా మొదలైంది. చుడీదార్ మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని పొలం వెళ్ళేది. పైరుకు మందు కొట్టే ఆడవాళ్ళంతా అలాగే వెళతారు, అందులో వింత లేదు. కానీ పొద్దు వాలాక వాగు గట్టు మీద ఆ చొక్కా, ఆ టకటక కలిసి వస్తుంటే ఊరు ఊరంతా మాట ఆపేది. కొందరు తలుపులు వేసుకున్నారు. వద్దని నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే ఇంట్లో కంచం సిద్ధంగా ఉండేది.

ఆ కంచం ముందు కోటిరత్నం కూర్చునేది. కొడుకనుకుని ఆ తల్లి మగమనిషి తినేంత అన్నం, ఇంత గోంగూర, నలిపిన ఉల్లిపాయ పెడితే, కిక్కురుమనకుండా తినేది. "చాలా నాయనా?" అని అడిగితే గొంతు తెలియకుండా "ఊఁ" అనేది. ఒకసారి జాకెట్టు ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను. మోకాలు ఒకటి పైకెత్తి, దాని మీద ఎడమ చెయ్యి వేలాడేసి తింటోంది. అచ్చు యలమంద కూర్చునే తీరు. ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే తెలియదు.

మిరప పూత దశ దాటేసరికి కోటిరత్నం నడక మారింది. ఇంట్లో గొంతు విప్పడమే మానేసింది, నాతో మాట్లాడినా సగం మాటలకు "ఊఁ" అనేది. బజార్లో ఎవరో వెనకనుంచి "యలమందా" అని పొరపాటున పిలిస్తే గిర్రున తిరిగింది. అది నేను నా కళ్ళతో చూశాను. పోయినవాడు వచ్చాడని ఊళ్ళో వాళ్ళు భయపడ్డారు. నా భయం వేరు. ఉన్న మనిషి పోతోంది, ఎవరికీ పట్టడం లేదు. నాకు కోపం కూడా వచ్చింది, ఆ ముసలామె మీద, బండి మీద, చచ్చి కూడా ఇల్లు వదలని ఆ యలమంద మీద.

ఒక పొద్దున కోటిరత్నం బండి తోసుకుంటూ షెడ్డుకు వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, చైను మార్చు."

"ఏమైంది రత్నం?" అన్నాను.

బండికి స్టాండు వేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "రాత్రి అత్త అన్నం పెడతా అడిగింది అక్కా. 'రత్నం పుట్టింటి నుంచి ఇంకా రాలేదేంటి నాయనా? కబురు చెయ్యరాదూ, ఇల్లు బోసిగా ఉంది' అంది. నేను ఊఁ అన్నా. నేనే అక్కా. నేనే ఊఁ అన్నా."

జయపాల్ పాత చైను తీసి కొత్తది వేశాడు. కిక్ కొడితే ఇంజిన్ మామూలు బండిలా బుర్రుమంది. ఎదురు టీ కొట్టులో ఎవరూ తల తిప్పలేదు. కోటిరత్నం నా చెయ్యి పట్టుకుంది. "సాయంత్రం నువ్వు కూడా రా అక్కా. ఒక్కదాన్నే పోలేను" అంది.

సాయంత్రం పొలం నుంచి వస్తూ నన్ను కొట్టు దగ్గర ఆ కురచ సీటు మీదే ఎక్కించుకుంది. బండి గుమ్మం ముందు ఆగింది. గురవమ్మ అరుగు మీద చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంది. కంచం లేదు. పెట్టమని చెప్పే చప్పుడు ఆమెకు వినపడలేదు.

"ఎవరూ?"

కోటిరత్నం తలకు చుట్టిన తువ్వాలు విప్పింది. వెనక నుంచి ఆమె వీపు మీద చెయ్యి వేశాను. చొక్కా చెమటకు తడిసి ఉంది.

"నేనత్తా. రత్నాన్ని."

"వచ్చావా తల్లీ! ఎన్నాళ్ళకీ!" అని ముసలామె చేతులు చాపింది. "వాడేడే? పొద్దుపోయింది. బండి ఇంకా గట్టెక్కలేదు."

"లేడత్తా. వాగులో పోయాడుగా. కిందటేడే పోయాడు."

గురవమ్మ చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. ఆ మాట లోపలికి దిగడం ఆమె ముఖంలో కనిపించింది. ఇది విన్నదే అని గుర్తొచ్చినట్టుంది. తర్వాత ఏడ్చింది. చొక్కా గుడ్డ పిడికిట పట్టుకుని, దాంట్లో ముఖం పెట్టి, ఊరంతా వినేట్టు ఏడ్చింది. కోటిరత్నం కూడా ఏడ్చింది, తన గొంతుతో. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో.

నేను వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను. అప్పుడు గురవమ్మ గోడ పట్టుకుని పైకి లేచింది. వంటింటి వైపు తడుముకుంటూ రెండడుగులు వేసి ఆగింది.

"కాళ్ళు కడుక్కుని రా రత్నం" అంది. "నీకు పెడతా."