తుమ్ములో పోయిన బంగారం

మా బావ అనుమానం మనిషి. మంచినీళ్ళిచ్చినా గ్లాసు వెలుతురుకెత్తి చూసి గానీ తాగడు. ఆయనది బంగారప్పని. పొద్దున లేస్తే గీటురాయి మీద గీసి ఇది అసలా నకిలీయా అని తేల్చడమే బతుకైనవాడికి, మా అక్క వండిన కూర మీద మాత్రం నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది? పెళ్ళయిన కొత్తలో అక్క ఏడ్చేది. తరవాత అలవాటుపడిపోయి, "ముందు నేను తిని చూపించనా?" అని వేళాకోళం చేసేది.

ఆయన పని చేసే కొట్లోనే నేనూ నగలకు మెరుగు పెడతాను. మా బల్లలు ఎదురెదురు. పొడుగాటి గది, దానికి ఒకటే కిటికీ. ఫ్యాను ఉంది గానీ వెయ్యరు, రజను లేచిపోతుందని. రజనంటే ఆకురాయితో రాస్తే రాలే బంగారప్పొడి. అది బల్ల కింద రేకు పళ్ళెంలో పడుతుంది. పొద్దున తూచి ఇచ్చిన బంగారం, సాయంత్రం నగా రజనూ కలిపి తూస్తే సరిపోవాలి. తగ్గిందా, జీతంలో కోత.

కిటికీ అవతలి చెట్టు పూతకొచ్చిందంటే బావకు తుమ్ములు మొదలు. ఏటా ఉన్న బాధే అయినా ఆ ఏడు మరీ హద్దు లేకుండా పోయింది. కళ్ళు చింతనిప్పులయ్యేవి. చేతిలో పని వదిలేసి, కిటికీ వైపు తిరిగి, రుమాలు అడ్డం పెట్టుకుని ఒకటే తుమ్మడం. మేమందరం మొహాలు తిప్పుకునేవాళ్ళం. యజమాని ఒక్కడే పరుగున వచ్చి, పక్కన నిలబడి వీపు నిమిరేవాడు. సాయంత్రం త్రాసులో పెడితే బావ పళ్ళెం తేలిపోయేది.

"నీ తుమ్ములు నా కొంప ముంచేలా ఉన్నాయయ్యా," అనేవాడు యజమాని నవ్వుతూనే. నవ్వుతూనే కోత కూడా కోసేవాడు.

డాక్టరు మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే ముంచుకొచ్చే నిద్ర. ఒకరోజు గొట్టంతో మంట ఊదుతూ ఊదుతూ బావ ముందుకి తూలాడు. నేను భుజం పట్టుకోకపోతే మొహం కాలిపోయేది. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి వేరే మందు అడగమంటే వినలేదు, ఆ డాక్టరు మీదా అనుమానమే. దాంతో అక్క నడుం బిగించింది. పాలల్లో పసుపూ మిరియాలూ, అల్లం కాచిన నీళ్ళు, పూట పూటకీ నిమ్మరసం, పడుకోబోయే ముందు ఆవిరి, మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం. ఉతికిన బట్టలు కూడా బయట ఆరెయ్యడం మానేసింది. బావ దేన్నీ ఊరికే మింగలేదు. ప్రతి గ్లాసుకీ ఒక దర్యాప్తు.

"ఇందులో ఏం కలిపావు?"

"విషం."

"ఎంత?"

"మీకు సరిపడా. తాగండి."

అలాంటి మనిషి ఈ ప్రపంచంలో ఒక్కణ్ణే నమ్మాడు, యజమానిని. ఆయన ఒకరోజు సీసా పట్టుకొచ్చాడు. "మా తోటలో తేనెపట్టుదయ్యా. పూల పుప్పొడి కూడా కలిపించాను. రోజుకో చెంచా తిను, ఒంటికి అలవాటైపోయి తుమ్ములు దగ్గరికి రావు. అంతా ప్రకృతి వైద్యం," అన్నాడు. బావ వాసన చూడలేదు, వెలుతురుకెత్తి చూడలేదు. పసిపిల్లాడిలా నోరు తెరిచాడు. రోజూ పనిలో కూర్చునే ముందు యజమాని చేత్తోనే ఆ చెంచా. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క చేతి గ్లాసుకి లేని గౌరవం ఈ సీసాకెందుకు?

తుమ్ములు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగాయి. కొట్లో చెవులు కొరుక్కోవడం మొదలైంది. తుమ్మితే పొడి ఎగురుతుంది నిజమే, కానీ ఇంతా? రుమాల్లోకి పోతోందేమో? ఎవరన్నారో తెలీదు గానీ, యజమాని అందరి ముందూ బావ రుమాలు అడిగి తీసుకుని, కుంపట్లో కాల్చి, బూడిద నీళ్ళలో కలిపి వెతికించాడు. ఏమీ దొరకలేదు. దొరకలేదని ఎవరి మనసూ కుదుటపడలేదు. పైగా, వీడు మహా ఘటికుడన్నట్టు చూశారు. బావ తల దించుకుని ఆకురాయి అందుకున్నాడు.

గుట్టు సగం పట్టింది అక్క. "సెలవు రోజున మీకు తుమ్ములు సగానికి సగం ఉండవు. మనింటి పక్కనా అదే చెట్టుంది కదా. అదీ ఆవేళ సెలవు పెడుతోందా?" అంది.

బావ అల్లం నీళ్ళ గ్లాసు వెలుతురుకెత్తి చూస్తున్నాడు.

"ఆ పూతే మీకు పడదంటుంటే, ఆ పూల పొడే చెంచాలతో తింటారేమిటండీ? నాలుగు రోజులు మానండి."

"ఆయన దేవుడిలాంటి మనిషి. నీకు అందరి మీదా అనుమానమే," అన్నాడు బావ. ఆ మాట ఆయన నోట విని అక్కా నేనూ మొహాలు చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్క పోరు పడలేక ఒప్పుకున్నాడు. చెంచా నోట్లో పెట్టించుకుని, దొడ్లోకి వెళ్ళి ఉమ్మేసి పుక్కిలించేవాడు. ఇంట్లో ఉప్పునీళ్ళూ, అల్లం నీళ్ళూ మామూలే. వారం తిరక్కుండా తుమ్ములు చాలామటుకు తగ్గాయి. రుమాలు అవసరమే లేకపోయింది. తూకం కూడా గింజ తేడా లేకుండా సరిపోయింది. ఇంక కష్టాలు తీరాయనుకున్నాను. నా అంత తెలివితక్కువవాడు ఉండడు.

రుమాలు మానేశాడు, బంగారం పోవడం మానేసింది. కొట్లో అందరూ ఈ రెండూ కలిపి చూశారు. ఇదివరకు గుసగుసలాడినవాళ్ళు ఇప్పుడు నాకు వినబడేలాగే అన్నారు. ఆ మాట వీధి దాటి మా ఇంటికీ వచ్చింది. ఆ పూట అన్నం పెడుతూ అక్క ఆగిపోయింది.

"ఒక్కసారి నిజం చెప్పండి. మీరేమైనా...?"

బావ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. అన్నం తినకుండానే లేచాడు.

మర్నాడు కొట్టుకి మళ్ళీ రుమాలు తెచ్చుకున్నాడు. జలుబు లేదు, తుమ్ము లేదు, రుమాలెందుకు? అబద్ధమెందుకు, నేనూ అనుమానించాను. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి తుమ్మాడు. ఆయన అసలు తుమ్ము నాకు తెలుసు. నోరు తెరిచి కాసేపు ఇంటికప్పు చూస్తే గానీ రాదు. ఇది అలా రాలేదు. ఎప్పటిలా కిటికీ వైపు మొహం తిప్పాడు. యజమాని ఎప్పటిలా పరుగున వచ్చి వీపు మీద చెయ్యి వేశాడు. అసలు తుమ్ముకు కళ్ళు మూసుకుపోతాయి. బావ కళ్ళు మాత్రం రుమాలు పైనుంచి ఓరగా తెరిచే ఉన్నాయి. యజమాని రెండో చేతి బొటనవేలు నోట్లో తడుపుకుని, పళ్ళెంలో రజను మీద అద్దాడు.

బావ ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమిటయ్యా ఇది! చెదిరితే దగ్గరికి చేరుస్తున్నాను," అన్నాడు యజమాని.

సాయంత్రం పని దిగేటప్పుడు మేమందరం ఒక బేసిన్లో చేతులు కడిగి వెళ్ళాలి, గోళ్ళలో ఇరుక్కున్న రజను పోకుండా. ఆ నీళ్ళు పారబోయరు. ఆ కొట్లో అందులో చెయ్యి పెట్టనిది ఒక్క యజమానే. బావ పట్టు వదలకుండా, "ఒరే, ఆ బేసిను ఇలా పట్రా," అన్నాడు నాతో. తెచ్చాను.

"అయ్యగారూ, మీరూ కడగండి."

పనివాళ్ళంతా లేచి చుట్టూ నిలబడ్డారు. యజమాని ఒక్కొక్కరి మొహమూ చూశాడు, ఎవరూ పక్కకి తప్పుకోలేదు. వేలు నీళ్ళలో ముంచాడు. తళతళమంటూ పొడి అడుక్కి దిగింది. తగ్గిన బంగారమూ ఆయన దగ్గరికే, కోసిన జీతమూ ఆయన దగ్గరికే. బావ తుమ్ములు ఆగకూడదనే ఆ సీసా అని అప్పుడు తెలిసింది మాకు.

ఇంటికొచ్చి నేనే అంతా చెప్పాను. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నేను కూడా అడిగానే మిమ్మల్ని! నా నోరు పడిపోనూ," అంది.

బావ మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "ఆ మాట అనకు," అన్నాడు. "కొట్లో అంతమంది దొంగ అనుకున్నా తల దించుకుని ఊరుకున్నాను. నువ్వు అడిగాక ఊరుకోలేకపోయాను."